మీ ఊరి గ్రంథాలయం బీరువాలో ఏముందో లోకానికి తెలిసేదెట్టా?

మా ఊరు కందుకూరు నుంచి సింగరాయకొండ పోయే దారిలో ఉంటుంది. ఊళ్ళో గ్రంథాలయం అంటే ఒక గది, రెండు ఇనుప బీరువాలు, ఒక చెక్క బీరువా, కిటికీ పక్కన పేపర్లు చదువుకునే బల్ల. చెక్క బీరువా తాళం చెవి ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర ఉంటుంది. మూడేళ్ళ కిందట ఆయన్ని బతిమాలి బీరువా తెరిపించి, ఉత్సాహం ఆపుకోలేక ఫోనుతో స్కాన్ చేయడం మొదలుపెట్టాను. రెండు వారాల్లో నలభై పుస్తకాలు అయ్యాయి. తీరా చూస్తే ఏ ఫోటో ఏ పుస్తకంలోదో నాకే అంతుపట్టలేదు. ముఖపత్రం ఊడిపోయిన పుస్తకాలు సగం ఉన్నాయి, లోపలి పుటలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. మాస్టారు నవ్వి, "ఏందబ్బాయ్, లెక్క రాసుకోకుండానే సరుకు బండికెత్తావా?" అన్నారు.

ఆ మాట పట్టుకునే ఇది రాస్తున్నాను. ముందు జాబితా. ఆ జాబితాను ఎవరైనా అడక్కుండా తీసుకుని వాడుకునేలా బయట పెట్టడం రెండోది. స్కానింగు సంగతి ఆ తరవాత. మెటాడేటా, ఓపెన్ డేటా అని వినగానే చాలామందికి టెన్షన్. బియ్యం బస్తా మీద రకం, మిల్లు పేరు, ఎన్ని కిలోలు అని అచ్చేస్తారు కదా. మూట విప్పకుండానే లోపలేముందో తెలుస్తుంది. మెటాడేటా అంటే అదే. ఆ వివరాలు ఎవరైనా చదివి, నకలు తీసుకుని, తమ లెక్కల్లో కలుపుకునేలా ఉంటే అది ఓపెన్ డేటా.

లెక్క లేని స్కాన్లు ఎంత నష్టమో పెద్ద ప్రాజెక్టుల్లోనూ చూశాం. వేలకొద్దీ పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి గానీ, చాలావాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, కొట్టినవాళ్ళకి తోచిన స్పెల్లింగులో ఉంటాయి. దీర్ఘం ఉండదు, ళకి లకి తేడా ఉండదు. పుస్తకం అక్కడే ఉంటుంది, తెలుగులో వెతికితే దొరకదు.

ముందు అనుమతి

మీ ఊరిది జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ అయితే లైబ్రేరియన్‌తో మాట్లాడి, నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న జిల్లా కార్యాలయానికి ఒక ఉత్తరం రాయండి. పుస్తకాలు బయటికి తీసుకెళ్ళం, అక్కడే కూర్చుని జాబితా రాస్తాం, ఒక ప్రతి మీకే ఇస్తాం అని రాస్తే చాలు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది. ప్రైవేటు సంఘానిదో, ఒకరి ఇంటిదో అయితే నోటిమాట మీద ఆగకండి, ఒక కాగితం రాయించుకోండి. ఆ పెద్దమనిషి తరవాత వచ్చేవాళ్ళు "మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు?" అని అడుగుతారు.

ఒకేసారి మూడు బీరువాలూ తెరవకండి. ఒక అర తీసుకోండి, అది పూర్తయ్యాకే ఇంకో అర. ఇద్దరుంటే పని సగమవుతుంది: ఒకరు చదువుతుంటే ఇంకొకరు కొట్టుకుంటూ పోతారు. మాస్కు పెట్టుకోండి, ఆ దుమ్ము మామూలుది కాదు. పుస్తకం మీద పెన్ను పెట్టొద్దు, చిరిగిన చోట సెల్లోటేపు అంటించొద్దు. టేపు జిగురు పదేళ్ళకి కాగితాన్ని గోధుమరంగు చేసి వదిలిపెడుతుంది. సన్నటి తెల్లకాగితం చీటీ మీద పెన్సిల్‌తో వరస సంఖ్య రాసి, లోపల పెట్టి కొంచెం పైకి కనబడేలా ఉంచండి. పుస్తకాలు వచ్చిన వరసలో నంబరు వేసి రాసే పాత ఎక్సెషన్ రిజిస్టరు దొరికితే ఆ నంబరు కూడా రాసుకోండి. పాత నంబరు కొట్టేసి కొత్తది వేయడం వద్దు, రెండూ ఉండాలి.

గడులు ఎన్ని?

ఇలాంటి వివరాలు రాయడానికి ప్రపంచంలో చాలా చోట్ల వాడే డబ్లిన్ కోర్ అనే పద్ధతిలో 15 గడులుంటాయి. 1995లో అమెరికాలోని డబ్లిన్ అనే ఊళ్ళో కూర్చుని దానికి నాంది పలికారు కాబట్టి ఆ పేరు. మనం ఆ పదిహేనూ బట్టీ పట్టక్కర్లేదు. పేరు, రచయిత, ప్రచురణకర్త, స్థలం, ఏడు, భాష, పుటలు, హక్కులు, పుస్తకం ఉన్న చోటు, వీటితో మొదలుపెట్టండి. మన పాత పుస్తకాలకి ముద్రాక్షరశాల, వెల, లోపలి ముద్రలు, చేతిరాతలు అనే గడులు కలపండి. పుస్తకం స్థితికి ఒకటి: బాగుంది, ముఖపత్రం లేదు, చెదలు పట్టింది, అంతే. మూడు మాటలు మించితే మనిషికో తీరుగా రాస్తారు.

అసలు కిటుకు వేరే ఉంది. పేరు, రచయిత, స్థలం, ఏడు, ఈ నాలుగింటికీ రెండేసి గడులు పెట్టండి. ఒకదాంట్లో అచ్చులో ఉన్నది ఉన్నట్టు, ఇంకోదాంట్లో మనం తేల్చుకున్నది. ఈ రెంటినీ ఒకే గడిలో కలిపేస్తే, పదేళ్ళ తరవాత ఏది పుస్తకం చెప్పిందో ఏది మీరు ఊహించారో విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఒక పుస్తకం తీసి చూపిస్తాను. మా బీరువాలో నలభై పుటల చిన్న హరికథ ఒకటి ఉంది. ముఖపత్రం అడుగుభాగం చినిగిపోయింది. మిగిలినదాంట్లో పేరు, కింద "ప్రథమ ముద్రణము, 1000 ప్రతులు", ఒక పక్కన "క్రోధన సం॥", ఇంకో పక్కన "వెల 0-6-0". ఇంగ్లీషు ఏడు లేదు. లోపలి పుటలో గ్రంథాలయం ఊదారంగు ముద్ర, ఎవరిదో పెళ్ళికి బహుమతిగా ఇచ్చినట్టు సిరాతో రెండు వాక్యాలు.

క్రోధన ఎప్పుడు? అరవై సంవత్సరాల చక్రంలో అది 59వది. ప్రభవ 1867లో, 1927లో, 1987లో వచ్చింది, అక్కణ్ణుంచి లెక్కపెట్టుకోవచ్చు. అంటే క్రోధన 1865లోనో, 1925లోనో, 1985లోనో ఉగాదికి మొదలై ఉండాలి. వెల చూడండి: సున్నా రూపాయలు, ఆరు అణాలు, సున్నా పైలు. మన దేశంలో అణాలు పోయి దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. కాబట్టి 1985 కాదు. వెనక అట్ట మీద గ్రామఫోను రికార్డుల ప్రకటన ఉంది, కాబట్టి 1865 కూడా కాదు. అచ్చులోని ఏడు గడిలో "క్రోధన సం॥", తేల్చిన ఏడు గడిలో "1925/1926" అని రాశాం. రెండేళ్ళు ఎందుకంటే ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది, తరవాతి జనవరి, ఫిబ్రవరి నెలలు కూడా ఆ సంవత్సరంలోనే పడతాయి. పక్కన ఎలా తేల్చామో ఒక్క వాక్యం. ఈ ఒక్క పుస్తకానికి నలభై నిమిషాలు పట్టింది. అన్నిటికీ అంత పట్టదు లెండి, భయపడకండి.

ఇలాంటి ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. "నయాపైసలు" అని ఉంటే 1957 నుంచి 1964 మధ్య అనుకోవచ్చు, ఆ తరవాత "నయా" తీసేశారు. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతిది. శాలివాహన శకం ఉంటే 78 కలపండి. ఏ ఆధారమూ దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. సుమారుగా 1940 అని కొట్టేస్తే రేపు ఎవరో దాన్ని నిజమనుకుని తమ పరిశోధనలో ఎక్కిస్తారు.

పేర్లు

పని మొత్తంలో తలనొప్పి ఇదే. మన గుడ్లూరు కవినే తీసుకోండి. ఒక పుస్తకం మీద ఎఱ్ఱన, ఇంకోదాని మీద ఎర్రన, మరోచోట ఎఱ్ఱాప్రగడ, కొన్నిచోట్ల శంభుదాసుడు, ప్రబంధ పరమేశ్వరుడు. మనకి అంతా ఒకరే. కంప్యూటరుకి అయిదుగురు. ఈ కాలం పిల్లలు ఱ కొట్టరు, కాబట్టి "ఎర్రన" అని వెతికినవాడికి "ఎఱ్ఱన" దొరకదు. సూళ్ళూరుపేట వైపు మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. నాటకం పుస్తకం మీద ఒకటి, సినిమా పాటల పుస్తకం మీద ఇంకోటి ఉంటే ఏం చేస్తారు?

అచ్చులో ఎలా ఉంటే అలా, అరసున్నతో సహా, మొదటి గడిలో. రెండో గడిలో మీరు అందరికీ ఒకేలా వాడే పేరు. మూడో గడిలో వికీడేటా నంబరు. వికీడేటా అంటే వికీపీడియా వాళ్ళే నడిపే ఉచిత వివరాల నిధి; అందులో ఎక్కిన ప్రతి మనిషికీ, ఊరికీ, భాషకీ క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరొకటి ఉంటుంది. తెలుగు భాషది క్యూ8097. రచయిత పేరు కొట్టి వెతికితే ఆ నంబరు దొరుకుతుంది. అది రాసిపెడితే ఎఱ్ఱన, ఎర్రన, శంభుదాసుడు ముగ్గురూ ఒకే తాటి మీదికొస్తారు. దొరక్కపోతే ఖాళీ. పుట్టిన ఏడు, పోయిన ఏడు చూసుకోకుండా పేరు కలిసిందని నంబరు వేయకండి. మన జిల్లాల్లో రామిరెడ్లకీ సుబ్బారావులకీ కొదవ లేదు.

ఇంకో సంగతి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులిచ్చి పేరు చీల్చమంటాయి. దువ్వూరి రామిరెడ్డిలో ఏది ఫస్టు, ఏది లాస్టు? మనకి ఇంటిపేరు ముందొస్తుంది. చీల్చకండి. ఒకే గడిలో, మనం పిలిచే వరసలోనే రాయండి.

ఊళ్ళు

ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి పోయింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. మా కందుకూరు నెల్లూరు నుంచి 1970లో అటు పోయి, 2022లో మళ్ళీ నెల్లూరుకి వచ్చింది. 1918లో మొదలై, 1929లో గాంధీజీ చేత శంకుస్థాపన చేయించుకున్న వేటపాలెం సారస్వత నికేతనం గురించి పాత వ్యాసాల్లో గుంటూరు జిల్లా అని, నడిమివాటిలో ప్రకాశం జిల్లా అని, ఇప్పటివాటిలో బాపట్ల జిల్లా అని ఉంటుంది. మూడూ తప్పు కాదు. అందుకే స్థలం గడిలో జిల్లా కాకుండా ఊరి పేరు పెట్టండి. పుస్తకం మీద "నెల్లూరు జిల్లా" అని ఉంటే అది అచ్చు గడిలోకి పోతుంది. చెన్నపురి, చెన్నపట్నం, మదరాసు అని ఉన్నవాటికి రెండో గడిలో అన్నిటికీ ఒకే పేరు.

కొట్టేటప్పుడు

గూగుల్ షీట్స్ అయినా లిబ్రేఆఫీస్ కాల్క్ అయినా సరే, తెలుగు మాత్రం అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లోనే ఉండాలి. మాకు పాత జాబితా ఒకటి సీడీలో దొరికింది. ఎంతో సంబరపడి తెరిస్తే తెర నిండా పిచ్చి అక్షరాలు. ఎప్పుడో డీటీపీ సెంటరులో పాత ఫాంటుతో కొట్టించారు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అది తెలుగే కాదు. ఇలాంటి ఫైలు మీకు దొరికితే పారేయకండి, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ ఒత్తులు, గుణింతాలు చెడిపోతాయి కాబట్టి వరసవరసా కంటితో సరిచూడాలి.

ఎక్సెల్‌తో ఇంకో తంటా. వెల 1-8, అంటే రూపాయిన్నర అని కొట్టగానే అది ఆగస్టు 1 అనుకుని తేదీగా మార్చేస్తుంది. పాత ఎక్సెషన్ నంబరు 12-5 అయితే మే 12 అవుతుంది. తరవాత వెనక్కి తిప్పినా అసలు రాసింది రాదు. అందుకే కొట్టడానికి ముందే ఆ గడులన్నీ టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టండి.

ఫైలు ఇచ్చేటప్పుడు, గడుల మధ్య కామాలు పెట్టి సాదా అక్షరాలుగా దాచే సీఎస్‌వీగా, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో సేవ్ చేయండి. పీడీఎఫ్ వద్దు. పీడీఎఫ్ చదువుకోవడానికి బాగుంటుంది గానీ, అందులోంచి గడులు పీక్కోవడం నరకం. సీఎస్‌వీని నేరుగా డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు చెడిపోయి కనబడొచ్చు. కంగారు పడి సేవ్ కొట్టకండి. డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ఎంచుకుని, ఎన్‌కోడింగ్ దగ్గర 65001 యూటీఎఫ్-8 పెడితే అక్షరాలు కుదురుకుంటాయి.

అంతా అయ్యాక ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో ఒకసారి వేయండి. టెక్స్ట్ ఫేసెట్ అనేది నొక్కితే ఒక గడిలో ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో పక్కన చూపిస్తుంది. "వావిళ్ళ", "వావిళ్ల", "వావిళ్ళ వారు" అని ఒకే ప్రచురణకర్త పేరు ముక్కలైనవన్నీ అక్కడ బయటపడతాయి. మాకు ఒకసారి "ప్రెస్" అనే మాట రెండుసార్లు వేరువేరుగా వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని చూసినా తేడా లేదు. చివరికి తెలిసిందేమంటే, పొల్లు నిలబడడానికి కీబోర్డు వేసే కనబడని అక్షరం ఒకటి ఒకదాంట్లో ఉంది, ఇంకోదాంట్లో లేదు. సరిచేసేది మనం తేల్చిన గడుల్లో మాత్రమే. అచ్చు గడుల జోలికి పోవద్దు.

హక్కులు

జాబితాకీ పుస్తకానికీ హక్కులు వేరు. పుస్తకం మీద కాపీరైటు ఉన్నా దాని పేరు, రచయిత, ఏడు, పుటలు ఎవరైనా రాయొచ్చు. కాబట్టి మీ జాబితాను సీసీ జీరో అనే లైసెన్సు కింద వదిలేయండి. అంటే మేం ఏ హక్కూ అట్టిపెట్టుకోవడం లేదు, మా పేరు చెప్పాలన్న షరతు కూడా లేదు అని. ఇంత కష్టపడి పేరు కూడా ఉండదా అని మావాళ్ళే గొణిగారు. కానీ వంద గ్రంథాలయాల జాబితాలు కలిపేటప్పుడు ఒక్కో వరసకి వంద పేర్లు మోయడం ఎవరివల్లా కాదు. యూరప్ గ్రంథాలయాలు, మ్యూజియంల వివరాలు కలిపే యూరోపియానా 2012లోనే తన మెటాడేటా మొత్తం సీసీ జీరోకి మార్చింది. వికీడేటా కూడా అంతే.

స్కానింగుకి వచ్చేసరికి మాత్రం జాగ్రత్త. మన చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది తరవాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. దువ్వూరి రామిరెడ్డి 1947లో పోయారు, 2008 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ. ప్రకాశం పంతులు పోయింది 1957లో, ఆయనవి 2018 నుంచి. పొణకా కనకమ్మ 1963లో పోయారు, బతికుండగా అచ్చయినవి 2024 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఆవిడ పోయాక అచ్చయిన ఆత్మకథకి మాత్రం ఈ లెక్క చెల్లదు. మరణానంతరం మొదటిసారి అచ్చయినవాటికి అచ్చయిన ఏడు నుంచి 60 ఏళ్ళు లెక్కేస్తారు. ఆత్రేయ పోయింది 1989లో, బెజవాడ గోపాలరెడ్డి 1997లో. అంటే ఒకరివి 2049 చివరిదాకా, ఇంకొకరివి 2057 చివరిదాకా. పాత కావ్యమే కదా అని ధీమాగా ఉండకండి, దానికి టీకా రాసినవారు, పీఠిక రాసినవారు ఎప్పుడు పోయారో కూడా చూడాలి.

ఒకటి మాత్రం ఎంత పాతదైనా బయట పెట్టకండి: పుస్తకాలు తీసుకెళ్ళినవాళ్ళ ఇష్యూ రిజిస్టరు. ఎవరేం చదివారో ఊరందరికీ ఎందుకు? పెళ్ళి బహుమతి రాతల్లాంటివి "బహుమతి రాత ఉంది" అని చెప్పి, పేర్లు రాయకుండా వదిలేశాం.

ఎక్కడ పెట్టాలి?

సీఎస్‌వీ ఫైలుతో పాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాయండి. ఏ గ్రంథాలయం, ఎప్పుడు రాశాం, ఒక్కో గడికి అర్థమేంటి, ఏమి మిగిలిపోయింది, సీసీ జీరో అని. ఈ రెంటినీ, ఎవరైనా ఉచితంగా ఫైళ్ళు పెట్టుకునే చోట్లైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో జెనోడోలోనో పెట్టండి. జెనోడోలో పెడితే మారని శాశ్వత లింకు ఇస్తారు. ఒకరి సొంత డ్రైవ్ లింకు మాత్రం నమ్ముకోవద్దు, ఆ మనిషి ఫోను మారిస్తే అంతే సంగతులు. వికీడేటాలో ప్రతి పుస్తకాన్నీ ఎక్కించాలని తొందరపడకండి. ముందు అక్కడ లేని మన జిల్లా రచయితల వివరాలు ఆధారాలతో చేర్చండి, అదే పెద్ద ఉపకారం. కాపీరైటు తీరినవి స్కాన్ చేసినప్పుడు ఫైలు పేరులో మీ వరస సంఖ్య పెట్టి, అలాంటి పుస్తకాల పాఠాన్ని ఇంటర్నెట్‌లో పెట్టే తెలుగు వికీసోర్స్ వాళ్ళకి చెప్పండి.

బీరువాలో పుస్తకాలే కాక నాణేలు, తాళపత్రాలు, పాత ఫోటోలు ఉంటే వాటికీ ఇదే పద్ధతి, కొలతలు మాత్రం అదనం. ఊళ్ళో శాసనం ఉన్న రాయి ఉంటే 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చేసిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాల్లో వెతకండి. అందులో తాలూకా వారీగా నంబర్లున్నాయి. మీ రాయి అందులో ఉంటే ఆ నంబరే దాని గుర్తు, కొత్తది పెట్టకండి. రాయికి సున్నం కొట్టి ఉంటే గీకొద్దు, ఫోటో తీసి, ఏ వీధిలో ఏ గుడి పక్కనుందో రాయండి.

జాబితా ఒక ప్రతి పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి బీరువా తలుపు లోపలివైపు కట్టండి. మాస్టారు ఇప్పుడు దాన్ని చూసే పుస్తకం తీస్తున్నారు. తప్పులు కనబడితే పెన్సిల్‌తో పక్కన రాస్తున్నారు. నెలకోసారి ఆ పెన్సిల్ రాతలు ఫైలులో ఎక్కించి, ఫైలు పేరులో తేదీ మార్చి, పాతది తీసేయకుండా దాని పక్కనే కొత్తది పెడుతున్నాను.